దాడి తర్వాత వచ్చే బిల్లులు: ఒక యువ రచయితకు లేఖ

తమ్ముడికి,

నువ్వు పంపిన వ్యాసం చదివాను. సెప్టెంబర్ 11 దాడుల తర్వాత అమెరికా పెట్టిన ఖర్చు గురించి తెలుగులో ఇంత ఓపిగ్గా రాసేవాళ్లు తక్కువ. అందుకే మెచ్చుకోళ్లు పక్కనపెట్టి నేరుగా పనిలోకి దిగుతున్నాను. ఏమీ అనుకోకు.

నీ మొదటి పేరా చూద్దాం. దాడికి అల్ ఖైదా పెట్టింది 5 లక్షల డాలర్లు, దాని వల్ల అమెరికా ఖర్చు పెట్టింది 8 లక్షల కోట్ల డాలర్లు అన్నావు. చదవగానే కళ్లు తిరుగుతాయి, నిజమే. రెండు అంకెలూ గాల్లోంచి వచ్చినవి కావు. మొదటిది ఆ దాడులపై విచారణకు అమెరికా వేసిన 9/11 కమిషన్ నివేదికలోది, అక్కడ 4 నుంచి 5 లక్షలని ఉంది. రెండోది బ్రౌన్ యూనివర్సిటీ పరిశోధకులు 2021లో వేసిన అంచనా. ఇబ్బంది ఏమిటంటే, ఈ రకం పోలికతో గొప్పలు చెప్పుకున్నది ఒసామా బిన్ లాడెన్. 2004లో అమెరికా అధ్యక్ష ఎన్నికలకు కొద్ది రోజుల ముందు వచ్చిన వీడియోలో, తాము పెట్టిన ఒక్కో డాలరు పది లక్షల డాలర్లను ఓడించిందన్నాడు. నీకు తెలియకుండానే అతని లెక్కతో వ్యాసం మొదలుపెట్టావు.

పైగా "ఖర్చు పెట్టింది" అన్నది కూడా పూర్తిగా నిజం కాదు. ఆ 8 లక్షల కోట్లను విడదీసి చూడు. అందులో 2.2 లక్షల కోట్లు ఆ లెక్క వేసేనాటికి ఇంకా చేతిలోంచి పోని డబ్బు. యుద్ధాల నుంచి గాయాలతో, జబ్బులతో తిరిగొచ్చిన సైనికులకు 2050 దాకా వైద్యానికీ పెన్షన్లకూ అవుతుందని వేసిన అంచనా. ఇంకో 1.1 లక్షల కోట్లు అప్పు మీద వడ్డీ. మరో 1.1 లక్షల కోట్లు దేశం లోపలి భద్రతకు. పెళ్లి ఖర్చులో ఇంటి లోను వడ్డీ, పుట్టబోయే పిల్లల స్కూలు ఫీజూ కలిపి రాసినట్టుంటుంది, ఇవన్నీ ఒకే మాటలో చెప్పేస్తే.

ఇంకో సంగతి. ఆ డబ్బును వరల్డ్ ట్రేడ్ సెంటర్ టవర్లు కూలడం ఖర్చు పెట్టించలేదు. వాషింగ్టన్‌లో మనుషులు కూర్చుని, ఓట్లేసి, సంతకాలు పెట్టి ఖర్చు చేశారు. 2003లో ఇరాక్ మీదికి వెళ్లాలని ఆ దాడిలో ఎక్కడా రాసిపెట్టి లేదు. ఆ దాడికి ఇరాక్ సహకరించిందనే ఆధారం 9/11 కమిషన్‌కు దొరకలేదు కూడా. నా ఉత్తరం మొత్తంలో నీకు చెప్పదలచుకున్నది ఇదే: ప్రతి అంకె వెనకా ఒక నిర్ణయం ఉంటుంది, దానికి ఒక తేదీ, దాని మీద ఎవరిదో ఒక సంతకం ఉంటాయి. అంకెను వాటి నుంచి ఊడబీకి రాయకు.

న్యూయార్క్ నగరానికి "మొత్తం నష్టం" అని రెండో పేజీలో ఒకే అంకె ఇచ్చావు. 2002లోనే రెండు పెద్ద లెక్కలు వచ్చాయి. న్యూయార్క్ ఫెడరల్ రిజర్వ్ బ్యాంకు ఆర్థికవేత్తలు 3,300 నుంచి 3,600 కోట్ల డాలర్లన్నారు. నగర పద్దులు చూసే కంప్ట్రోలర్ కార్యాలయం 8,300 నుంచి 9,500 కోట్లంది. ఒకరిది తప్పు, ఇంకొకరిది ఒప్పు అని కాదు. బ్యాంకు వాళ్లు చనిపోయినవాళ్ల జీవితకాల సంపాదన, ఆస్తి నష్టం, శిథిలాలు ఎత్తిన ఖర్చు, 2002 జూన్ దాకా పోయిన జీతాలు లెక్కపెట్టి ఆగిపోయారు. కంప్ట్రోలర్ కార్యాలయం ఆ తర్వాతి సంవత్సరాల్లో నగరం పోగొట్టుకోబోయే రాబడిని కూడా కలిపింది. ఫెడరల్ ప్రభుత్వం నుంచి డబ్బు రావలసిన నగరం వేసే లెక్క ఎటు మొగ్గుతుందో నీకు నేను చెప్పాలా? రెండూ రాయి, తేడా ఎక్కడుందో రాయి. పాఠకుడు అర్థం చేసుకోగలడు.

ఇప్పుడు అసలు సరుకు దగ్గరికొద్దాం. బాధితుల పరిహార నిధిని నువ్వు ఒక్క వాక్యంలో దాటేశావు. ప్రభుత్వం "ఉదారంగా" 700 కోట్ల డాలర్లు పంచింది, అంతే. అక్కడే ఆగాల్సింది తమ్ముడూ. 2001 సెప్టెంబర్ 22న, అంటే దాడి జరిగిన పదకొండు రోజులకు, అధ్యక్షుడు బుష్ సంతకం పెట్టిన చట్టం తెచ్చుకుని చదువు. అది ముఖ్యంగా విమానయాన సంస్థలను నిలబెట్టడానికి చేసిన చట్టం. వాళ్లకు 500 కోట్ల డాలర్లు నగదు, ఇంకో 1,000 కోట్ల దాకా రుణాలకు హామీ. బాధితుల నిధి అదే చట్టంలో వెనకెక్కడో, నాలుగో భాగంలో వస్తుంది. ఎందుకు రెండూ ఒకే చోట ఉన్నాయి? చనిపోయిన వేలమంది కుటుంబాలు విమాన కంపెనీల మీద కేసులు వేస్తే ఆ కంపెనీలు మిగలవు. అందుకని కంపెనీల బాధ్యతను వాటి బీమా మొత్తానికి కుదించారు. నిధి నుంచి డబ్బు తీసుకునే కుటుంబం వాటి మీద కేసు వేసే హక్కు వదులుకోవాలని షరతు పెట్టారు. నిధికి మాత్రం ఇంత అని పరిమితి పెట్టలేదు. ఉదారత లేదని నేను అనను. కానీ పక్కనే బేరం కూడా ఉంది. రెండూ రాయకపోతే పాఠకుడికి సగం కథే చెప్పినట్టు.

నిధిని నడిపే పని కెనెత్ ఫైన్‌బర్గ్ అనే లాయర్‌కి అప్పగించారు. ఆయన ఖరారు చేసిన మొత్తం మీద అప్పీలు లేదు. లెక్క ఎలా వేశారో చూడు. ప్రాణం పోయినందుకు 2,50,000 డాలర్లు. భార్య లేదా భర్తకు, ఆధారపడ్డ ఒక్కొక్కరికీ తలా 1,00,000. భార్య, ఇద్దరు పిల్లలు ఉన్న మనిషికి అయిదున్నర లక్షలు. ఇక్కడిదాకా అందరూ సమానమే. ఆ తర్వాత జీతం వస్తుంది: బతికుంటే రిటైరయ్యేదాకా ఎంత సంపాదించేవాడు? అది కలుపుతారు. జీవిత బీమా, పెన్షన్ లాంటివి ఏవైనా వస్తే అవి తీసేస్తారు. అంటే ఏళ్ల తరబడి జాగ్రత్తగా ప్రీమియం కట్టుకున్న ఇంటికి ఆ మేరకు కోత.

నార్త్ టవర్‌లో 101 నుంచి 105 అంతస్తుల దాకా కాంటర్ ఫిట్జ్‌జెరాల్డ్ అనే బాండ్ల వ్యాపార సంస్థ ఉండేది. ఆ ఉదయం ఆ సంస్థ ఉద్యోగులు 658 మంది చనిపోయారు. వాళ్ల నెత్తి మీద, 106, 107 అంతస్తుల్లో, విండోస్ ఆన్ ద వరల్డ్ అనే రెస్టారెంట్. అందులో పనిచేసేవాళ్లు డెబ్బై మందికి పైగా పోయారు. వంటవాళ్లు, వడ్డించేవాళ్లు, గిన్నెలు తోమేవాళ్లు, చాలామంది వలస వచ్చినవాళ్లు. విమానం కింది అంతస్తుల్లో దూసుకుపోవడంతో మెట్లన్నీ తెగిపోయాయి, ఎవరికీ కిందికి దారి లేదు. ఒకే పొగ, ఒకే చావు. నిధి లెక్కలో మాత్రం బ్రోకర్ ఇంటికి ఒక అంకె, గిన్నెలు తోమే మనిషి ఇంటికి ఇంకో అంకె. మరణాలకు ఇచ్చిన వాటిలో అతి తక్కువ రెండున్నర లక్షల డాలర్లు, అతి ఎక్కువ 70 లక్షలు దాటింది, సగటు 20 లక్షల చిల్లర. కాగితాలు లేని వలసకూలీ కుటుంబానికి కూడా అర్హత ఇచ్చారు, అది మరిచిపోకుండా రాయి. చనిపోయినవారి కుటుంబాల్లో నూటికి 97 మంది ఇందులో చేరారు. గాయపడ్డవారితో కలిపి 5,560 మందికి డబ్బు అందింది.

ఫైన్‌బర్గే తర్వాత చెప్పాడు, మళ్లీ ఎప్పుడైనా ఇలాంటి నిధి పెడితే అందరికీ ఒకే మొత్తం ఇవ్వాలని. 2013లో బోస్టన్ మారథాన్ బాంబుల తర్వాత ఆయన చేతికొచ్చిన నిధిలో అలాగే చేశారు. చనిపోయిన ప్రతి ఒక్కరి కుటుంబానికీ సుమారు 22 లక్షల డాలర్లు. కానీ అది జనం ఇచ్చిన విరాళం, ఖజానా సొమ్ము కాదు. విరాళం పంచేటప్పుడు సాధ్యమైన సమానత్వం ప్రభుత్వ సొమ్ము పంచేటప్పుడు ఎందుకు కాలేదు అన్నది నీ వ్యాసానికి మంచి ప్రశ్న. నా సమాధానం: మొదటి నిధి కేసులకు బదులుగా పెట్టింది, అందుకే కోర్టులు నష్టపరిహారం లెక్కకట్టే పద్ధతే దానికీ అంటుకుంది. నువ్వు ఒప్పుకోకపోతే నీ సమాధానం రాయి.

టవర్లు కూలినప్పుడు లేచిన దుమ్ము సంగతి నీ వ్యాసంలో అసలు లేదు. 2001 సెప్టెంబర్ 18న పర్యావరణ పరిరక్షణ సంస్థ అధిపతి క్రిస్టీన్ టాడ్ విట్‌మన్ అక్కడి గాలి పీల్చుకోవచ్చని ప్రకటించారు. అంత గట్టిగా చెప్పేందుకు సరిపడా సమాచారం అప్పటికి లేదని అదే సంస్థ ఇన్‌స్పెక్టర్ జనరల్ 2003లో తేల్చారు. ఈలోపు శిథిలాల మీద నెలల తరబడి పనిచేసినవాళ్లు ఊపిరితిత్తుల జబ్బులతో, తర్వాత క్యాన్సర్లతో మంచం పట్టారు. మూసేసిన నిధిని మళ్లీ తెరవడానికి 2011 జనవరిలో ఒబామా సంతకం కావలసి వచ్చింది. 2019 ఫిబ్రవరిలో డబ్బు చాలడం లేదని, అప్పటికి పెండింగ్‌లో ఉన్న దరఖాస్తులకు సగం, ఆ తర్వాత వచ్చేవాటికి 70 శాతం కోత పెడతామన్నారు. జబ్బు మనుషులు చక్రాల కుర్చీల్లో అమెరికా పార్లమెంటు అయిన కాంగ్రెస్‌కు వచ్చి అడగాల్సి వచ్చింది. ఆ జూలైలో గడువును 2090 దాకా పొడిగిస్తూ చట్టం చేశారు. తెరిచిన రెండో నిధి ఇప్పటికే మొదటిదాని కంటే ఎక్కువ చెల్లించింది. ఆ ఒక్క రోజున 343 మంది అగ్నిమాపక సిబ్బంది పోయారు. ఆ దుమ్ము జబ్బులతో తర్వాత పోయినవాళ్లు ఇప్పుడు అంతకంటే ఎక్కువ. విమాన కంపెనీలకు పదకొండు రోజుల్లో అందిన హామీ వీళ్లకు అందడానికి ఎన్నేళ్లు పట్టిందో ఆ రెండు తేదీలూ పక్కపక్కన రాసి వదిలెయ్. విశేషణాలు అక్కర్లేదు. (నీ వ్యాసంలో "వెన్నులో వణుకు" రెండుసార్లు, "యావత్ ప్రపంచం" మూడుసార్లు వచ్చాయి. తీసెయ్.)

గ్రాంట్ల సంగతి క్లుప్తంగా చెబుతాను. రాష్ట్రాలకు భద్రతా నిధులు పంచినప్పుడు ప్రతి రాష్ట్రానికీ కనీసం 0.75 శాతం ఇవ్వాలన్నారు. 50 రాష్ట్రాలకు లెక్కేస్తే 37.5 శాతం అక్కడే అయిపోయింది. జనం తక్కువున్న వ్యోమింగ్‌కు తలసరిన న్యూయార్క్ కంటే ఎన్నో రెట్లు వచ్చింది. మన నియోజకవర్గాల నిధుల గొడవలు చూసినవాడికి ఇందులో వింతేం ఉండదు.

యుద్ధాల డబ్బు ఎక్కడిది? వియత్నాం యుద్ధానికి 1968లో ఆదాయపు పన్ను మీద పది శాతం సర్‌ఛార్జి వేశారు. ఈసారి 2003 మార్చిలో ఇరాక్‌లోకి వెళ్లి, మే నెలలో పన్నులు తగ్గించారు. యుద్ధపు ఖర్చు చాలా ఏళ్లు మామూలు బడ్జెట్‌లో కనపడకుండా ఎమర్జెన్సీ అనుబంధ కేటాయింపుల్లో పోయింది. అంతా అప్పు. అప్పు చేసి పెట్టిన ఖర్చు గురించి ఓటరుకు టెన్షన్ ఉండదు, అందుకే అడిగేవాడూ ఉండడు.

ఓటరు నేరుగా కట్టేది చిన్నది. డల్లాస్ నుంచో న్యూజెర్సీ నుంచో హైదరాబాద్ వచ్చిన చుట్టాలెవరైనా ఉంటే టికెట్ రసీదు అడిగి చూడు. పన్నుల వరసలో "ఏవై" అనే రెండక్షరాల పక్కన 5.60 డాలర్లు ఉంటాయి. దాని అధికారిక పేరే సెప్టెంబర్ 11 భద్రతా రుసుము. దాడుల నాటికి ఎయిర్‌పోర్టుల్లో తనిఖీ విమాన కంపెనీలు పెట్టుకున్న ప్రైవేటు మనుషుల పని. 2001 నవంబర్‌లో చేసిన చట్టంతో టీఎస్ఏ అనే ప్రభుత్వ సంస్థ వచ్చింది, దాని ఖర్చుకు ఈ రుసుము. మొదట్లో ఎక్కే ప్రతి విమానానికీ రెండున్నర డాలర్లు. 2014లో పెంచారు. పెంచినప్పుడు వచ్చే అదనపు డబ్బులో కొంత బడ్జెట్ లోటు పూడ్చడానికి మళ్లించారు. భద్రత పేరుతో వసూలై, భద్రతకు పోని డబ్బు. ఇలాంటి చోట ఇంకో పేరా పెంచు.

అంకెల గురించి ఒక మాట. మిలియన్, బిలియన్ అని రాసి వదిలెయ్యకు. మనవాళ్లు లక్షల్లో, కోట్లలోనే ఊహించుకుంటారు. బిలియన్ అంటే 100 కోట్లు, ట్రిలియన్ అంటే లక్ష కోట్లు. ఒక్క సున్నా తప్పితే వ్యాసం మొత్తం పోతుంది. అలాగని 2001 డాలర్లను ఈనాటి రేటుతో రూపాయల్లోకి మార్చకు, అప్పుడు డాలరు 50 రూపాయల లోపే.

ఈ వ్యాసం అయ్యాక ఇంకోటి రాయి, మన హైదరాబాద్‌లో జరిగిన బాంబు పేలుళ్ల మీద. 2007 ఆగస్టు 25న లుంబినీ పార్కు, గోకుల్ చాట్. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్. ఉగ్రవాద దాడుల్లో చనిపోయిన పౌరుల కుటుంబాలకు 2008 నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర పథకం 3 లక్షల రూపాయలిచ్చేది, తర్వాత 5 లక్షలు చేశారు. ఆ పథకం నిబంధనలు తెచ్చుకుని షరతులు చదువు, అవి కూడా చాలా చెబుతాయి. ముంబై దాడుల తర్వాత ఎన్ఎస్జీ కమాండోల కేంద్రం ఒకటి హైదరాబాద్‌కు వచ్చింది. ఇవన్నీ బడ్జెట్ పద్దుల్లో, జీవోల్లో దొరుకుతాయి, దొరకనివి ఆర్టీఐ కింద అడుగు.

దొరకనిది ఒకటుంది. 2013లో ఉమ్మడి రాష్ట్రంలో ప్రజాభద్రతా చట్టం తెచ్చారు. ఒకేసారి వంద మంది పోగయ్యే షాపులు, హోటళ్లు, ఆస్పత్రులు, గుళ్లు సొంత ఖర్చుతో సీసీ కెమెరాలు పెట్టుకుని, నెల రోజుల రికార్డింగు దాచిపెట్టాలి. ప్రభుత్వం మీద పైసా పడలేదు, అందుకే ఏ బడ్జెట్ పుస్తకంలోనూ ఆ లెక్క ఉండదు. దిల్‌సుఖ్‌నగర్ వెళ్లి బట్టల షాపు ఓనర్లను అడుగు: కెమెరాలకెంత, హార్డ్ డిస్కుకెంత, ఏడాదికి సర్వీసుకెంత. బిల్లులు చూపిస్తే ఫోటో తీసుకో. పొద్దున పదింటికే వెళ్లు, మధ్యాహ్నం అయితే బేరాల్లో పడి ఎవరూ నీతో మాట్లాడరు.

ఉంటాను,
అన్నయ్య