కేటీలో ఉన్నాం. హరికేన్ వస్తుందంటే ఇల్లు వదిలి వెళ్లాలా, ఇంట్లోనే ఉండాలా?

మీరు అడిగింది ఇదీ: హ్యూస్టన్ పక్కన కేటీలో సొంతింట్లో ఉంటున్నారు, ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉన్నారు, నాన్నగారికి షుగర్. గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో తుఫాను పుట్టిందంటే సగం మంది డాలస్ వెళ్లిపోదాం అంటారు, సగం మంది ఏం కాదులే అంటారు. ఎవరి మాట వినాలి?

నేను ఈ తీరంలో ఇరవై ఏళ్లకు పైగా ఉంటున్నాను. పుట్టింది దివిసీమలో. అందుకే ఈ విషయంలో నా అభిప్రాయం గట్టిగానే ఉంటుంది. నీళ్లు వచ్చే చోట ఉంటే వెళ్లిపోవాలి. గాలి మాత్రమే వచ్చే చోట ఉంటే, ఇల్లు గట్టిదైతే, ఇంట్లోనే ఉండాలి. మొబైల్ హోమ్‌లో, అంటే ఫ్యాక్టరీలో తయారుచేసి తెచ్చి పెట్టే తేలికపాటి ఇంట్లో, ఉండేవాళ్లు మాత్రం గాలికైనా సరే వెళ్లి తీరాలి. కేటగిరీ (తుఫానుకు 1 నుంచి 5 దాకా ఇచ్చే అంకె) ఎంత, టీవీలో ఏమంటున్నారు అన్నవి ఆ తర్వాతి సంగతి. మీ కేటీకి సముద్రం రాదు. కాబట్టి తుఫానుకు ముందు డాలస్ రోడ్డు ఎక్కకండి. ఇంత ఖచ్చితంగా ఎందుకు చెబుతున్నానో తెలియాలంటే 2005 సంగతి వినాలి.

అప్పుడు మేము లీగ్ సిటీలో ఉండేవాళ్లం, గాల్వెస్టన్ బే పక్కన. కత్రినా హరికేన్ న్యూ ఓర్లీన్స్‌ని ముంచి నెల కూడా కాలేదు. ఇంటి కప్పుల మీద చేతులూపుతున్న మనుషుల్ని టీవీలో చూసి జనం ఇంకా తేరుకోలేదు. అంతలో రీటా అనే ఇంకో హరికేన్ గల్ఫ్‌లోకి వచ్చి కేటగిరీ 5 అయ్యింది. మాది సముద్రం లోపలికి వచ్చే చోటు, ఖాళీ చెయ్యమన్నారు, బయల్దేరాం. మావారు, నేను, చంటిపాప, మా అత్తగారు. డాలస్‌లో ఆడపడుచు ఇంటికి వెళ్లాలని.

45వ నంబర్ హైవే మీద హ్యూస్టన్ దాటక ముందే కార్లు ఆగిపోయాయి. మా ఇంటి నుంచి హ్యూస్టన్‌కి ఉత్తరాన ఉన్న కాన్రో మామూలు రోజుల్లో గంటన్నర లోపు దారి. మేము కాన్రో పొలిమేర చూసింది మర్నాడు. ఫారెన్‌హీట్‌లో వంద డిగ్రీల ఎండ. గ్యాస్ (పెట్రోల్‌ని ఇక్కడ అలాగే అంటాం) అయిపోతుందన్న భయంతో ఏసీ కట్టేసి అద్దాలు దించుకున్నాం. దారిలో గ్యాస్ స్టేషన్లలో పంపులకు ప్లాస్టిక్ సంచులు తొడిగేసి ఉన్నాయి, అంటే అయిపోయిందని. కొందరు తలుపులు తెరిచి కారును చేత్తో తోసుకుంటూ వెళ్తున్నారు, ఇంజను వేస్తే ఉన్న కాస్తా ఖర్చవుతుందని. దాటుకుని వెళ్తుంటే గడ్డి మీద దుప్పట్లు పరుచుకుని పడుకున్న కుటుంబాలు, పంజరాల్లో కుక్కలు.

అత్తగారికి అప్పటికే షుగర్. ఇన్సులిన్ ఐస్‌బాక్సులో పెట్టుకొచ్చాం, ఐసంతా నీళ్లయిపోయింది. బాత్రూమ్‌కి వెళ్లే దారి లేదని ఆవిడ నీళ్లు తాగడం మానేశారు. ఎంత చెప్పినా ఒక గుక్క తాగరు. ఆ ఎండలో పెదాలు ఎండిపోయి, మాట తడబడుతోంది. ఇక లాభం లేదని నేను సంచీలోంచి ఆవిడ నేత చీరే ఒకటి తీసి, హైవే పక్కన అడ్డంగా పట్టుకున్నాను. ఒక కొస నా చేతిలో ఉంది, రెండోది పట్టుకోవడానికి మనిషి లేరు. మావారు పాపను ఎత్తుకుని ఉన్నారు, పైగా ఆయన ఉంటే ఆవిడ వెళ్లరు. పక్క కారులోంచి ఒక మెక్సికన్ ఆవిడ దిగి, ఏమీ అడక్కుండా రెండో కొస పట్టుకుని, మొహం అటు తిప్పుకుని నిలబడింది. తర్వాత తన దగ్గరున్న చల్లటి నీళ్ల సీసా అత్తగారి చేతిలో పెట్టింది. ఆవిడ పేరు కూడా నాకు తెలియదు. ఇప్పటికీ దేవుడికి దండం పెట్టుకునేటప్పుడు గుర్తొస్తుంది.

కార్లు కదలనప్పుడు జనం దిగి మాట్లాడుకుంటారు కదా. మావారు ముందూ వెనకా వాళ్లను ఎక్కడి నుంచి వస్తున్నారని అడిగారు. ఒకాయనది హ్యూస్టన్ శివార్లలోని సైప్రస్. ఇంకొకరు సముద్రానికి చాలా దూరంలో, మూడో అంతస్తు అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లు. వాళ్లకు నీటి భయం లేదు, వెళ్లమని వాళ్లకు ఎవరూ ఆర్డర్ ఇవ్వలేదు. కత్రినా చూసి భయపడి వచ్చేశారు. వాళ్ల వెనక గాల్వెస్టన్ ముసలివాళ్లున్నారు, ఆసుపత్రి మనుషులున్నారు. నిజంగా సముద్రం మీదికి రాబోతున్నవాళ్లు క్యూలో చివర నిలబడ్డారు. అదీ నాకు ఇప్పటికీ మండిపోయే సంగతి.

ఆ వారం 25 లక్షల మందికి పైగా రోడ్డెక్కారని అంచనా. ఎదురు లేన్లు కూడా తెరవడంలో ఆలస్యం జరిగింది. బెల్లైర్‌లోని ఒక నర్సింగ్ హోమ్ నుంచి ముసలివాళ్లను తీసుకెళ్తున్న బస్సు ఇదే 45 మీద డాలస్‌కి కాస్త ఇవతల అంటుకుంది. లోపల ఆక్సిజన్ సిలిండర్లు. 23 మంది పోయారు. చివరికి రీటా తూర్పుకు తిరిగి టెక్సస్, లూసియానా సరిహద్దులో తీరం దాటింది. హ్యూస్టన్‌కి పెద్దగా ఏమీ కాలేదు. టెక్సస్‌లో రీటా వల్ల చనిపోయినవాళ్లు వంద మందికి పైనే. అందులో ఎక్కువ మంది తుఫానులో పోలేదు, తప్పించుకుపోయే దారిలో పోయారు.

అందుకే జిప్ కోడ్ చూడమంటాను. గాల్వెస్టన్, హ్యూస్టన్ ప్రాంతానికి తరలింపు జోన్ల మ్యాప్ ఉంది. సముద్రపు ఒడ్డు ఒక జోన్, తర్వాత ఏ, బీ, సీ. మీ జిప్ కోడ్ అందులో ఉంటే, మీ జోన్ పేరు పిలవగానే వెళ్లిపోండి, మర్నాటి బులెటిన్ దాకా ఆగొద్దు. లేకపోతే రోడ్డు వాళ్లకు వదిలిపెట్టండి. కేటీ ఆ జోన్లలో లేదు.

మన వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే ఆ కోన్ బొమ్మ, అంటే తుఫాను దారి అంచనాగా మ్యాప్ మీద గీసే గరాటు ఆకారం, దాని గురించి కూడా చెప్పాలి. అది తుఫాను కేంద్రం ఎటు వెళ్లొచ్చో చూపిస్తుంది, అంతే. తుఫాను ఎంత వెడల్పో, నీళ్లు ఎక్కడికొస్తాయో అందులో ఉండదు. మూడింట ఒక వంతు సార్లు కేంద్రం ఆ కోన్ బయటకు కూడా పోతుంది. గీతకు ఇటు ఉన్నాం కాబట్టి బతికాం, అటు ఉన్నాం కాబట్టి అయిపోయాం అని లెక్కలేసుకునేవాళ్లను చూస్తే నాకు టెన్షన్ వస్తుంది. దానికి తోడు మన తెలుగు చానళ్లు. అమెరికా అంతా మునిగిపోతున్నట్టు చూపిస్తాయి, ఊళ్లో మేనత్తలు ఏడుస్తూ ఫోన్ చేస్తారు, ఆ ఏడుపు తట్టుకోలేక జనం సూట్‌కేసులు సర్దేస్తారు. నిర్ణయం మీ జిప్ కోడ్‌ని బట్టి ఉండాలి, మేనత్త ఫోన్‌ని బట్టి కాదు.

కేటగిరీ రెండో సంగతి అని ఎందుకన్నానంటే, ఆ అంకె గాలి వేగం మాత్రమే చెబుతుంది. 2008లో ఐక్ కేటగిరీ 2 గానే గాల్వెస్టన్ దగ్గర తీరం దాటింది. రెండే కదా అని బొలివార్ ద్వీపకల్పంలో ఆగిపోయినవాళ్లున్నారు. గాలి ఇంకా రాకముందే, దాదాపు ఒక రోజు ముందే, సముద్రం పొంగి అక్కడి ఒకే ఒక్క రోడ్డును ముంచేసింది. వెళ్దామనుకున్నా దారి లేదు. ఆ తర్వాత అక్కడ వీధులకు వీధులే లేవు, ఇళ్లు నిలబెట్టిన కర్రలు మిగిలాయి.

ఇది మా వాళ్లకు కొత్త కాదు. 1977 నవంబర్ 19న దివిసీమ మీదికి ఉప్పెన వచ్చినప్పుడు నేను పాలు తాగే పిల్లని. మా అమ్మ నన్ను పమిటతో వీపుకి కట్టుకుని, ఊళ్లో ఉన్న ఒకే ఒక్క డాబా ఎక్కింది. తాటిచెట్టంత నీళ్లొచ్చాయని మావాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. సర్కారు లెక్కలోనే దాదాపు 10,000 మంది పోయారు. 1990 మేలో మళ్లీ అదే తీరానికి అంతే భయంకరమైన తుఫాను వచ్చింది. కానీ ఈసారి లక్షల మందిని ముందే తీసుకెళ్లారు, చనిపోయినవాళ్లు వెయ్యి లోపే. ఒడ్డున ఉన్నవాళ్లను కదిలించడం వల్ల ఎన్ని ప్రాణాలు నిలుస్తాయో ఇంతకంటే వేరే రుజువు అక్కర్లేదు.

ఇప్పుడు మీ కేటీ గురించి. సముద్రం రాదు అన్నాను గానీ నీళ్లు రావని అనలేదు. 2017లో హార్వీ ఎక్కడో రాక్‌పోర్ట్ దగ్గర తీరం దాటి, హ్యూస్టన్ మీద రోజుల తరబడి కూర్చుంది. టెక్సస్‌లోనే నెడర్లాండ్ అనే చోట 60 అంగుళాల పైన వాన కురిసింది. ఊరు ఖాళీ చెయ్యమనలేదని మేయర్‌ని ఇప్పటికీ తిట్టేవాళ్లున్నారు. నన్నడిగితే ఆయన చేసింది సరైన పని. ఆ వానలో లక్షల కార్లు హైవేల మీద ఉంటే ఏమయ్యేదో ఊహించుకోండి. పారే నీళ్లు ఒక అడుగు ఉంటే చాలు, చిన్న కారు తేలిపోతుంది.

అయితే మీ కేటీ పక్కన సింకో రాంచ్ వైపు ఇళ్లు మునిగింది బార్కర్ రిజర్వాయర్ వెనక్కి తన్నడం వల్ల. మామూలు రోజుల్లో అది పార్కు, పిల్లలు సైకిళ్లు తొక్కుతారు, అందుకే రిజర్వాయర్ అని ఎవరికీ అనిపించదు. ఫోర్ట్ బెండ్ కౌంటీలో కొన్ని ప్లాట్ కాగితాల మీద ఈ స్థలం బార్కర్ నీళ్లలో మునగొచ్చని రాసే ఉంది. చదివినవాళ్లెవరు? మనవాళ్లు ఇల్లు కొనేటప్పుడు తూర్పు ముఖమా, ఈశాన్యం పెరిగిందా, స్కూల్ రేటింగ్ ఎంత అని వంద ప్రశ్నలు అడుగుతారు. ఫ్లడ్ మ్యాప్ ఎవరూ అడగరు. మామూలు ఇంటి ఇన్సూరెన్సులో వరద ఉండదు. వరదకు విడిగా ప్రభుత్వ పాలసీ తీసుకుంటే, సాధారణంగా 30 రోజుల తర్వాత గానీ అమల్లోకి రాదు. తుఫాను పేరు టీవీలో విన్నాక కడితే అప్పటికి ఉపయోగం లేదు. మీ ఇల్లు బార్కర్ ఎగువన ఉందో లేదో ఈ రోజే చూడండి. ఉంటే, రోజుల తరబడి వాన అన్నప్పుడు మాత్రం మీరు ముందే ఎత్తు మీదున్న స్నేహితుల ఇంటికి మారండి. డాలస్ అక్కర్లేదు, కొన్ని మైళ్లు చాలు. ఒకవేళ ఇంట్లో ఉండగానే నీళ్లు లోపలికొస్తే కిటికీ లేని అటక ఎక్కొద్దు, బయటపడే దారి ఉండదు.

అసలు నేను చెప్పాలనుకున్నది ఇంకొకటుంది. అందరూ ముందు వెళ్లాలా, ఉండాలా అని రెండే దారులున్నట్టు మాట్లాడతారు. మూడోది ఉంది: గాలి పోయాక వెళ్లడం. 2024 జులైలో బెరిల్ వచ్చినప్పుడు అది కేటగిరీ 1 మాత్రమే. కానీ 22 లక్షల పైన కనెక్షన్లకు కరెంటు పోయింది, కొన్ని ఇళ్లకు వారం దాటినా రాలేదు. ఆ ఎండకి చనిపోయినవాళ్లున్నారు. మా వీధిలో ఒక తమిళ పెద్దాయన తడి తువ్వాలు మెడకు చుట్టుకుని గ్యారేజీ గుమ్మంలో కూర్చుని ఊపిరి తీసుకోవడానికి ఇబ్బంది పడుతుంటే చూశాను. వాళ్లబ్బాయి ఆఫీసులో లీవు ఇవ్వరేమో అని తటపటాయించాడు. లాప్‌టాప్ పట్టుకుని శాన్ ఆంటోనియో వెళ్లి హోటల్లోంచి పని చేసుకో బాబూ అని గట్టిగా చెప్పి పంపించాను. అప్పటికి రోడ్లు ఖాళీ, గ్యాస్ దొరుకుతోంది, సాయంత్రానికల్లా ఆయన ఏసీలో ఉన్నారు.

మీ నాన్నగారి విషయంలో నేనైతే ఇదే చేస్తాను. గాలి వేసే రాత్రి కింది అంతస్తులో, కిటికీలు లేని మధ్య గదిలో పడుకోబెట్టండి. మర్నాడు చెట్లు పడలేదని, నీళ్లు లేవని చూసుకుని, కరెంటు త్వరగా రాదనిపిస్తే అమ్మానాన్నల్ని తీసుకుని ఆస్టినో శాన్ ఆంటోనియోనో వెళ్లిపోండి. హోటల్ రూమ్ డబ్బు తిరిగిచ్చే పద్ధతిలో ముందే బుక్ చేసి పెట్టుకోండి. ఇన్సులిన్‌కి మంచి ఐస్‌బాక్సు, సరిపడా ఐస్. విజిటర్ ఇన్సూరెన్స్ కాగితాలు, పాస్‌పోర్టులు ఒకే సంచీలో. జూన్ 1 నుంచి నవంబర్ దాకా కారులో గ్యాస్ సగానికి తగ్గనివ్వకండి.

జనరేటర్ కొంటే ఇంటికి 20 అడుగుల దూరంలో, ఆరుబయట పెట్టండి. గ్యారేజీ తలుపు ఎత్తి లోపల పెడితే అది ఆరుబయట కాదు. వాసన లేని ఆ పొగ ప్రతి తుఫాను తర్వాతా ఇక్కడ మనుషుల్ని చంపుతోంది. కార్బన్ మోనాక్సైడ్ అలారం బ్యాటరీతో పనిచేసేది కొని, నాన్నగారు పడుకునే గదిలోనే పెట్టండి.