సముద్రం దాటితే కులం పోతుందని ఎందుకు అనేవాళ్లు?

ఓడలో ఆచారాలు పాటించడం కుదరదు కాబట్టి అలా అనేవాళ్లు, అంతేగానీ ఉప్పునీళ్లలో ఏదో దోషం ఉందని కాదు. బౌధాయన ధర్మసూత్రం కూడా సముద్రయానాన్ని మనిషిని పతితుణ్ని చేసే పనుల్లో లెక్కేసింది. ఒకే గదిలో నెలల తరబడి ప్రయాణం, ఎవరు వండారో తెలియని తిండి, అందరికీ ఒకటే నీళ్లు, పైగా ఊళ్లో వెలేస్తారన్న భయం, వీటన్నిటికీ కలిపి ఉత్తరాదివాళ్లు పెట్టిన పేరే కాలాపానీ.

1860లో మద్రాసు నుంచి కూలీలతో బయల్దేరిన ట్రూరో అనే ఓడ నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది, అందులో హిందువులు, ముస్లింలు, క్రైస్తవులు అందరూ ఉన్నారు. ఇలాంటి ప్రయాణాల్లో కులం పట్టు సడలింది, నిజమే, కానీ దాని చోట కొత్త చుట్టరికం పుట్టింది. ట్రినిడాడ్, గయానా, ఫిజీల్లో ఒకే ఓడలో వచ్చినవాళ్లు ఒకరినొకరు 'జహాజీ భాయ్' అనుకున్నారు, అంటే ఓడ అన్నదమ్ములు. అయినవాళ్లను వదిలొచ్చిన మనిషికి అంతకంటే ఊరట ఏముంటుంది! మన తెలుగువాళ్లకైతే ఊరి పేరు బదులు రేవు పేరే మిగిలింది, బర్మాలో, మారిషస్‌లో వాళ్లను కోరంగివాళ్లనే పిలిచేవారు.

చాలామంది పొరపడేది ఎక్కడంటే, హిందువులెవరూ ఎప్పుడూ సముద్రం దాటలేదని. శాతవాహనుల నాణేల మీదే ఓడ బొమ్మలున్నాయి. కాలాపానీ అంటే అండమాన్ జైలు మాత్రమే అనుకోవడమూ తప్పే, ఆ సెల్యులర్ జైలు పూర్తయింది 1906లో, ఈ భయం అంతకు చాలా పాతది.