వీసా ఇంటర్వ్యూ: బట్టీ పట్టే ముందు డీఎస్-160 తెరవండి

ప్రశ్న: మా చిన్నమ్మాయి ఈసీఈలో బీటెక్ పూర్తిచేసి ఏడాదిగా హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం చేస్తోంది. అమెరికాలో డేటా సైన్స్ ఎంఎస్‌కు ఐ-20 (విశ్వవిద్యాలయం ఇచ్చే ప్రవేశ పత్రం) వచ్చింది, వచ్చే నెలలో హైదరాబాద్ కాన్సులేట్‌లో స్లాట్ దొరికింది. కన్సల్టెన్సీ వారే డీఎస్-160 అనే వీసా దరఖాస్తు ఫారం నింపి, 60 ప్రశ్నలకు జవాబులు రాసిచ్చి బట్టీ పట్టమన్నారు. మా పెద్దమ్మాయి డల్లాస్‌లో హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద పనిచేస్తోంది. ఆ సంగతి ఫారంలో రాయలేదు, అడిగినా చెప్పవద్దంటున్నారు. 30 లక్షల విద్యారుణం మంజూరైంది. మిగతా సొమ్ము కొద్ది రోజులు ఖాతాలో చూపించే ఏర్పాటు తామే చేస్తామంటున్నారు. నాకు ఎరువుల దుకాణం ఉంది. అమ్మాయికి రెండు బ్యాక్‌లాగ్‌లు ఉండేవి, తర్వాత పాసైంది. ఎలా సిద్ధం చేయమంటారు?
– ఒక తండ్రి, మిర్యాలగూడ

జవాబు: ఇంటర్వ్యూ సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆ ఫారం సంగతి తేల్చాలి. తల్లిదండ్రులు, తోబుట్టువులు, భర్త లేదా భార్య, పిల్లలలో ఎవరైనా అమెరికాలో ఉన్నారా అని డీఎస్-160 విడిగా అడుగుతుంది, ఉంటే వారు ఏ హోదాలో ఉన్నారో కూడా అడుగుతుంది. నింపడంలో ఎవరైనా సాయపడ్డారా అన్న ప్రశ్న కూడా అందులోనే ఉంటుంది. టైపు చేసింది ఎవరైనా, చట్టం దృష్టిలో ఆ ఫారం మీద ఉన్న సంతకం మీ అమ్మాయిదే. మీ పెద్దమ్మాయి తన వీసా కోసం నింపిన ఫారంలో మీ దంపతుల పేర్లు ఇదివరకే అమెరికా ప్రభుత్వం దగ్గర ఉన్నాయి కాబట్టి, దాచాలనుకున్నా దాగే విషయం కాదిది. పైగా అక్క హెచ్-1బీ మీద ఉండటం చెల్లెలి చదువుకు అనర్హత కానే కాదు, దాచి అబద్ధం చెప్పడమే అనర్హత. మామూలు తిరస్కరణ అయితే మళ్లీ దరఖాస్తు చేసుకోవచ్చు. తప్పుడు సమాచారంతో వీసా పొందజూశారని అధికారి నిర్ధారిస్తే పడే నిషేధానికి మాత్రం కాలపరిమితి ఉండదు, ఆపై ప్రత్యేక మినహాయింపు తెచ్చుకుంటే తప్ప దారి ఉండదు.

అందువల్ల ఈ వారంలోనే మీ అమ్మాయి స్వయంగా కూర్చుని కొత్త డీఎస్-160 నింపి, దాని నిర్ధారణ సంఖ్యను స్లాట్ బుక్ చేసిన ప్రొఫైల్‌లో మార్చాలి. మొదటి ఫారం గురించి అడిగితే, అందులో తప్పు గమనించి తానే సరిదిద్దానని చెప్పాలి. గడచిన ఐదేళ్లలో వాడిన సోషల్ మీడియా ఖాతాలన్నీ ఆ ఫారంలో రాయాలి. 2025 జూన్ నుంచి విద్యార్థి వీసా కోరేవారు ఆ ఖాతాలను అందరికీ కనిపించేలా ఉంచాలన్న నిబంధన కూడా వచ్చింది.

ఇక డబ్బు. అద్దెకు తెచ్చిన నిల్వ పది రోజుల కిందట ఒక్కసారిగా ఖాతాలో పడితే, దాన్ని చూసే అధికారికి అది ఎక్కడి నుంచి వచ్చిందో అడగాలని అనిపించడం సహజం, ఆ ప్రశ్నకు మీ అమ్మాయి దగ్గర నిజమైన జవాబు ఉండదు. ఐ-20లో విశ్వవిద్యాలయం వేసిన ఖర్చు అంచనా ఉంటుంది. దాన్ని రూపాయల్లోకి మార్చి, 30 లక్షల రుణం తీసేస్తే మిగిలేదెంతో చూడండి. ఆ మిగతా మొత్తాన్ని మీ పొదుపు, డిపాజిట్లు, దుకాణం ఆదాయపు పన్ను రిటర్నులు, పెద్దమ్మాయి చేసే సాయం ఏ మేరకు భరించగలవో లెక్క వేయండి. సరిపోకపోతే రుణం పెంచమని బ్యాంకును అడగడమో, చేరికను ఒక సెమిస్టర్ వాయిదా వేయమని విశ్వవిద్యాలయాన్ని కోరడమో నయం. క్యాంపస్‌లో వారానికి 20 గంటల వరకు పనిచేసే వీలుంది గానీ, ఆ సంపాదనను ఫీజుల లెక్కలో చేర్చి చెప్పవద్దు.

ఇప్పుడు ఆ 60 జవాబులు. తిరస్కరణల్లో ఎక్కువ భాగం వలస చట్టంలోని 214(బీ) సెక్షన్ కింద జరుగుతాయి. వచ్చిన ప్రతి ఒక్కరూ అక్కడే స్థిరపడాలని వస్తున్నారనే చట్టం ముందుగా భావిస్తుంది, కాదని నమ్మించే బాధ్యత దరఖాస్తుదారుదే. అందుకు దొరికేది కిటికీ ముందు నిలబడి మాట్లాడే కొద్ది నిమిషాలు మాత్రమే. మీరు పంపే పట్టాదారు పాసుపుస్తకాల నకళ్లను అధికారి చాలాసార్లు చూడనే చూడరు. ఒకే కన్సల్టెన్సీ నుంచి వచ్చిన నలుగురు ఒకే వాక్యాన్ని ఒకే స్వరంతో అప్పజెప్పిన తర్వాత ఐదో వ్యక్తిగా మీ అమ్మాయి అదే చెబితే ఏమవుతుందో ఊహించండి. ప్రశ్న కాస్త తిప్పి అడిగితే బట్టీ జవాబు అక్కడే ఆగిపోతుంది.

ఎక్కువ సమయం పెట్టవలసింది 'ఈ కోర్సే ఎందుకు, ఈ విశ్వవిద్యాలయమే ఎందుకు' అన్న ప్రశ్న మీద. 2011లో కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ, 2019లో మిచిగాన్‌లోని ఫార్మింగ్‌టన్ విశ్వవిద్యాలయాల వ్యవహారాల్లో చాలామంది తెలుగు విద్యార్థులు చిక్కుకున్నారు. రెండోది అమెరికా అధికారులే వల పన్ని పెట్టిన ఉత్తుత్తి విశ్వవిద్యాలయం. ఆ చరిత్ర ఉన్నప్పుడు, కళాశాలను ఎలా ఎంచుకున్నావని హైదరాబాద్‌లో అడగడంలో వింత లేదు. మీ అమ్మాయి ఆ విభాగపు కోర్సుల జాబితా తానే చదివి, తన పనికి దగ్గరగా ఉన్న రెండు సబ్జెక్టులు ఎంచుకోవాలి. టెస్టింగ్‌లో రోజూ వచ్చే లోపాల వివరాల నుంచి ఏ మాడ్యూల్ మళ్లీ విఫలమవుతుందో ముందే అంచనా వేయాలనిపించిందని, అందుకు కావలసిన గణాంకశాస్త్రం తనకు రాదని, అది ఈ కోర్సులో ఉందని చెప్పగలిగితే, ఈసీఈ నుంచి డేటా సైన్స్‌కు ఎందుకు మారుతున్నదో కూడా అందులోనే తేలిపోతుంది. అది తన అనుభవమే అయి ఉండాలి, నేను రాసిన ఈ వాక్యాన్ని అప్పజెబితే 61వ బట్టీ జవాబవుతుంది!

బ్యాక్‌లాగ్‌ల గురించి అడిగితే ఏ సబ్జెక్టులు, ఎప్పుడు పాసైందో ఒక్క వాక్యంలో చెబితే చాలు. చదువు తర్వాత ఏం చేస్తావంటే, 12 నెలల ఓపీటీ (చదువుకు సంబంధించిన పని అక్కడ చేసే అనుమతి), ఆపై స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) కోర్సులకు 24 నెలల పొడిగింపు గురించి మాత్రమే మాట్లాడితే, ఉద్యోగం కోసం చదువును అడ్డం పెట్టుకున్నట్టు వినిపిస్తుంది. హైదరాబాద్‌లో ఎలాంటి పని చేయాలనుకుంటోందో, అలాంటి పని ఎక్కడెక్కడ ఉందో తెలుసుకుని చెప్పడం మేలు.

మాక్ ఇంటర్వ్యూలు కన్సల్టెన్సీలో కాకుండా, మీ ఊళ్లోని ఇంగ్లిషు లెక్చరర్ ఎవరితోనైనా, నిలబడి, ప్రశ్నల వరుస మార్చి చేయించండి. చిలుకూరు బాలాజీకి 11 ప్రదక్షిణలు చేయించాలనుకుంటే తప్పక చేయించండి, అయితే ఇంటర్వ్యూ ఉదయం కాకుండా ముందే ముగించండి. వేలిముద్రలు, ఫొటో ఇచ్చే అపాయింట్‌మెంట్ వేరుగా ఉంటుంది. నానక్‌రాంగూడ కాన్సులేట్ లోపలికి ఫోన్ తీసుకెళ్లనివ్వరు, మీరు కూడా వెళ్లలేరు. ఒకవేళ 214(బీ) కాగితం చేతిలో పెడితే అప్పీలు ఉండదు గానీ, వీసా రుసుము మళ్లీ కట్టి దరఖాస్తు చేయవచ్చు. వెంటనే మరో స్లాట్ కోసం పరుగెత్తకుండా, అడిగిన ప్రశ్నలూ చెప్పిన జవాబులూ ఆ సాయంత్రమే అమ్మాయి చేత కాగితం మీద రాయించి, దాన్ని నాకు పంపండి.