గ్లామర్ అనే మాటకు అసలు అర్థం ఏమిటి?

గ్లామర్ అంటే మొదట్లో అందం కాదు, కనికట్టు. గ్రామర్ అనే మాటే స్కాట్లాండ్‌లోని స్కాట్స్ భాషలో అలా మారింది.

మధ్యయుగాల్లో గ్రామర్ అంటే లాటిన్ చదువు. అక్షరం రాని జనానికి ఆ చదువూ మంత్రవిద్యా ఒకటే అనిపించాయి. స్కాట్స్ వాళ్ల నోట 'ర' కాస్తా 'ల' అయింది. 'గ్లామర్ వేయడం' అంటే చూపును మాయచేయడం. స్కాట్లాండ్ రచయిత వాల్టర్ స్కాట్ 1805 నాటి కావ్యంలో ఆ మంత్రానికి చెరసాల గోడ మీది సాలెగూళ్లు జమీందారు మహలులోని తెరల్లా, గింజ డిప్ప బంగారు పడవలా కనిపిస్తాయి. ఈ మాట ఇంగ్లీషులో పాకడానికి ఆయన రచనలే ముఖ్య కారణం. సినిమాతారల తళుకు అన్న అర్థం 20వ శతాబ్దంలో బలపడింది.

ప్రేమ అనే అర్థమున్న ఫ్రెంచి 'అమూర్' నుంచి గ్లామర్ వచ్చిందని కొందరు అనుకోవచ్చు. చివర్లో శబ్దం కలిసిందంతే, చుట్టరికం లేదు.