నంబర్ మార్చింది నువ్వు, నింద ఫోన్‌కా?

ప్రశ్న: బీటెక్ సీఎస్‌ఈ రెండో ఏడు చదువుతున్నాను. హాస్టల్‌లో ఉంటాను. మా క్యాంపస్‌ని చూస్తే విచిత్రంగా ఉంటుంది. పక్క మంచం మీదున్నవాడు మెస్‌కి వస్తావా అని వాట్సాప్‌లో అడుగుతాడు. అసైన్‌మెంట్ చాట్‌జీపీటీ చెప్తుంది, మేం చేత్తో ఎక్కిస్తాం. నోట్సు జెరాక్స్ తీయించేవాళ్లే లేరు, అన్నీ పీడీఎఫ్‌లే. రాత్రి రెండింటి దాకా రీల్స్ చూసి పొద్దున లేవలేకపోతున్నాను. అటెండెన్స్ 67 శాతం. పేరెంట్ నంబర్ దగ్గర ఫ్రెండ్ నంబర్ ఇచ్చాను కాబట్టి మెసేజ్‌లు ఇంటికి వెళ్లవు. నాన్నకు జెరాక్స్ షాపు ఉంది. ప్రతి ఆదివారం 500 ఫోన్‌పే చేస్తారు, నేను థంబ్ ఎమోజీ పెడతాను. స్మార్ట్‌ఫోన్ అమ్మేసి కీప్యాడ్ ఫోన్ కొంటే బాగుపడతానా?

జవాబు: కొనుక్కో, మానుకో, నీ ఇష్టం బాబూ. వారం తిరక్కుండా మళ్లీ స్మార్ట్‌ఫోన్‌కే వస్తావు. టైమ్‌టేబుల్ మారిందన్న కబురు కూడా క్లాస్ గ్రూపులోనే కదా వచ్చేది! రాత్రి పదకొండుకి ఫోన్ తీసుకెళ్లి రూమ్‌మేట్ పెట్టెలో పెట్టి తాళం వేయించు. ఆ ప్రశ్నకు ఇంతకంటే జవాబు అక్కర్లేదు.

ఫ్రెండ్ నంబర్ ఇచ్చాను ‘కాబట్టి’ అన్నావు చూడు, నేను అక్కడే ఆగిపోయాను. ఎంత తేలిగ్గా రాశావయ్యా! కాలేజీ రికార్డుల్లో నీ తండ్రి స్థానంలో ఇప్పుడు నీ ఈడు కుర్రాడు కూర్చున్నాడు. ‘మీ అబ్బాయి ఈ రోజు క్లాసుకు రాలేదు’ అన్న మెసేజ్ వాడికి వస్తుంది. ఇద్దరూ చూసి నవ్వుకునే ఉంటారు. నాకు మాత్రం ఒళ్లు మండింది.

పిల్లల ఫోన్లలో పెద్దవాళ్లు దూరి లొకేషన్లు చూడటం నాకు గిట్టదు. ఇరవై ఏళ్లవాడు క్లాసుకు రాలేదని ఇంటికి మెసేజ్ కొట్టడం కూడా పెద్దగా నచ్చదు. అది వేరే గొడవ, కాలేజీతో తేల్చుకో. నాన్న పేరు మీద ఇంకొకర్ని నిలబెట్టే హక్కు మాత్రం నీకు లేదు.

జెరాక్స్ షాపులవాళ్లు నాకు కొత్త కాదు. వాళ్లలో చాలామంది ఎస్టీడీ బూత్‌తో మొదలుపెట్టినవాళ్లే. సెల్‌ఫోన్లు వచ్చి అది పోతే నెట్ సెంటర్ పెట్టారు. ఎంసెట్ ర్యాంకులు వచ్చిన రోజు పిల్లలు వాళ్ల గుమ్మం ముందు వరసకట్టేవారు. 2016లో జియో వచ్చాక ఆ సందడీ పలచబడింది. ఇప్పుడు జెరాక్స్, లామినేషన్, ఆన్‌లైన్ అప్లికేషన్లతో నెట్టుకొస్తున్నారు. నోట్సు జెరాక్స్ తీయించేవాళ్లే లేరని క్యాంపస్ వింతల్లో కలిపి రాశావే, అది మీ ఇంట్లో పొయ్యి వెలిగే సంగతి. నీకు తట్టలేదా, తట్టినా దాటేశావా? పేజీకి రెండు రూపాయలు వేసుకో. 500 అంటే 250 పేజీలు. కాగితం, టోనర్, కరెంటు ఖర్చు తీసేస్తే ఇంకా ఎన్ని పేజీలు తీయాలో సీఎస్‌ఈ చదివేవాడివి, నువ్వే లెక్కకట్టు. దానికి నీ జవాబు ఒక బొటనవేలు.

ఇంకో మాట, తప్పయితే ఏమీ అనుకోకు. నాన్న కాలేజీకి వస్తే షాపు సంగతి నలుగురికీ తెలుస్తుందన్న నామోషీ కూడా నీలో ఎక్కడో ఉందని నా అనుమానం.

ఇక 67 శాతం. జేఎన్‌టీయూ కిందున్న కాలేజీల్లో 75 ఉండాలి. 65కీ 75కీ మధ్య ఉంటే సరైన కారణానికి ఆధారం చూపించి, తగ్గిన హాజరును మన్నించడానికి తీసుకునే కండొనేషన్ ఫీజు కట్టాలి. 65 దిగితే డిటెయిన్, ఆ సెమిస్టర్ మళ్లీ చదవాల్సిందే. నువ్వు ఆ గీతకు రెండు మెట్ల దూరంలో ఉన్నావు. కారణం ఏమని రాస్తావు, రీల్స్ అనా? దొంగ మెడికల్ సర్టిఫికెట్ కోసం తిరుగుతావా? ఫీజుకి డబ్బు ఎవర్ని అడుగుతావు, మెసేజ్‌లు అందుకుంటున్న ఆ ఫ్రెండ్‌నా?

సోమవారం ఆఫీసు తెరవగానే వెళ్లి నంబర్ మార్పించు. ఎందుకని అడిగితే తప్పు ఇచ్చానని చెప్పు. అయితే అంతకంటే ముందు, ఈ శనివారమే బస్సెక్కి ఊరికి వెళ్లు. మెసేజ్ చేరేలోపు నీ నోటితోనే ఆయనకు తెలియాలి. అమ్మతో చెప్పించకు, ఆవిడ నిన్ను వెనకేసుకొస్తుంది. నేరుగా షాపుకే వెళ్లు. 67 అని చెప్పు, నంబర్ సంగతి చెప్పు. తిడతారు. గిరాకీల ముందు తిట్టినా సరే, పడు. పడి, అలిగి ఇంటికి పోకు. సాయంత్రం షట్టర్ దించేదాకా అక్కడే ఉండి, వచ్చినవాళ్లకు ఆ కాపీలేవో నువ్వే తీసివ్వు.