తప్పని తెలిసీ ఎందుకు చేస్తున్నాడు?

ప్రశ్న: మా అబ్బాయికి 20 ఏళ్లు. యూనివర్సిటీలో చదువుతున్నాడు. చిన్నప్పటి నుంచీ ఏ గొడవా లేదు. ఈ ఏడాది మాత్రం రూమ్మేట్ ల్యాప్‌టాప్ అమ్మేశాడు, పరీక్షలో కాపీ కొడుతూ దొరికాడు. నిలదీస్తే ‘వాళ్లకు డబ్బుకేం లోటు, కాపీ అందరూ కొడతారు’ అంటున్నాడు. న్యాయం గురించి మాత్రం గంటలకొద్దీ వాదిస్తాడు. ఇంటర్నెట్‌లో వెతికితే ‘యాంటీ సోషల్ పర్సనాలిటీ డిజార్డర్’ అని వచ్చింది. ఇది ఆ జబ్బేనా?

జవాబు: అప్పుడే ఆ పేరు పెట్టేయకండి. ఇతరుల హక్కులను లెక్కచేయకపోవడం స్వభావంగా మారిపోయే ఆ సమస్యను 18 ఏళ్లు నిండాకే నిర్ధారిస్తారు. అదీ 15 ఏళ్లలోపే జంతువులను హింసించడం, కావాలని నిప్పు పెట్టడం, పదేపదే దొంగతనాలు, ఇంట్లోంచి పారిపోవడం వంటి తీవ్రమైన లక్షణాలు కొన్ని మొదలై ఉంటేనే. మీ అబ్బాయి విషయంలో అలాంటివేవీ మీరు రాయలేదు. ఇంటర్నెట్‌లో లక్షణాల జాబితా చదివితే సగం హాస్టల్ మనకు రోగులుగానే కనిపిస్తుంది!

అన్నీ తెలిసినవాడు ఇలా ఎందుకు చేస్తాడన్నది మీ అసలు బాధ. భార్యను బతికించుకోవడానికి మందు దొంగిలించవచ్చా అని కోల్‌బర్గ్ అనే మనస్తత్వవేత్త అడిగేవారు. అవును, కాదు అన్నదానికంటే, ఎందుకన్న జవాబును బట్టే నైతిక ఆలోచన ఏ దశలో ఉందో అంచనా వేసేవారు. చదువుకున్న కుర్రాళ్లు ఇలాంటి ప్రశ్నలకు చక్కగానే జవాబిస్తారు. కానీ బాగా వాదించగలిగినంత మాత్రాన బాగా నడుచుకుంటారని లేదు. మధ్యలో సాకులు దూరతాయి. సైక్స్, మాట్జా అనే సామాజికవేత్తలు 1957లోనే ఈ సాకుల గురించి రాశారు. ‘ఎవరికీ నష్టం లేదు’ అనుకోవడం వాటిలో ఒకటి. మీవాడి ‘వాళ్లకేం లోటు’ అచ్చం అదే.

అందుకే నీతిబోధ మానేయండి, ఆ వాదనలో అతనే గెలుస్తాడు. ల్యాప్‌టాప్ పోయాక ఆ కుర్రాడు ప్రాజెక్టు ఎలా పూర్తి చేశాడో అడగండి. జవాబు చెప్పడానికి తడబడితే తడబడనివ్వండి, మీరు అందుకోవద్దు. పరువు పోతుందని గుట్టుచప్పుడు కాకుండా డబ్బు మీరే కట్టేయడం కూడా వద్దు. ఆ కుర్రాడికి అతనే ఎదురుపడి, నెలనెలా కొంతైనా తనే తీర్చాలి.

నాకు ఎక్కువ అనుమానంగా ఉన్నది వేరే. అమ్మిన డబ్బు ఏమైంది? ఇంతకాలం లేని ప్రవర్తన ఒక్కసారిగా మొదలైందంటే మత్తు పదార్థాలు, ఆన్‌లైన్ బెట్టింగ్, అప్పుల టెన్షన్ గురించి తప్పక ఆరా తీయాలి. నిద్ర బాగా తగ్గినా అలసట లేకపోవడం, గొప్పలు పోవడం, విచ్చలవిడిగా ఖర్చు చేయడం ఉంటే అది బైపోలార్ (మూడ్ విపరీతంగా మారిపోయే మానసిక సమస్య) కావచ్చు. దానికి మంచి మందులున్నాయి. దొంగబుద్ధిని మాన్పే మాత్ర మాత్రం లేదు. సాకులను గుర్తించి మార్చుకోవడానికి కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ అనే మాటల చికిత్స ఉపయోగపడొచ్చు.

ఒకసారి సైకియాట్రిస్టుకు చూపించండి. డాక్టర్ అతనితో విడిగా మాట్లాడతామంటే మీరు బయట కూర్చోండి. బెదిరింపులు, కొట్టడం, చనిపోతానన్న మాటలు ఉంటే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా అదే రోజు తీసుకెళ్లండి.