టెక్‌ సందేహాలు: ట్రంకుపెట్టెలో దొరికిన ఫొటోలోని సైనికుడు ఎవరు?

ప్రశ్న: అమ్మమ్మ ట్రంకుపెట్టెలో అరచేతిలో పట్టేంత నలుపు తెలుపు ఫొటో దొరికింది. యూనిఫాంలో ఒక యువకుడు నిలబడి ఉన్నాడు. వెనక ఏమీ రాసి లేదు. అమ్మమ్మ వాళ్ల పెద్దన్నయ్య మిలిటరీకి వెళ్లి తిరిగి రాలేదని ఇంట్లో చెప్పుకుంటారు. ఇది ఆయనేనా? ఏఐ యాప్‌లో వేసి క్లియర్‌ చేశాను, రంగులు కూడా వచ్చాయి. దాన్ని గూగుల్‌ లెన్స్‌లో వెతికితే ఒకసారి పోలీసు అంటోంది, ఇంకోసారి బ్రిటిష్‌ సైనికుడు అంటోంది. రెండు ఫొటోలూ పంపుతున్నాను. ఏ యాప్‌ వాడితే సరిగ్గా తెలుస్తుంది?
- ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: రెండు ఫొటోలనూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాను. ముందుగా ఒక మాట. యాప్‌ తయారుచేసిన ఫొటోను పక్కన పెట్టేయండి. అసలు ఫొటోలో భుజం మీద ఇత్తడి అక్షరాలు మసకగానైనా ఉన్నాయి. యాప్‌ ఇచ్చిన దాంట్లో అవి నున్నగా మెరుస్తున్నాయి కానీ ఏ భాష అక్షరాలూ కావు. ఇలాంటి యాప్‌లు ఫొటోలో లేని వివరాన్ని ఊహించి నింపుతాయి. ముఖానికైనా అంతే. లెన్స్‌ తికమకపడింది అందుకే.

రంగుల సంగతి ఇంకా ప్రమాదం. ఆ రోజుల్లో చాలా స్టూడియోలు వాడిన ఆర్థోక్రోమాటిక్‌ ఫిల్ము ఎరుపును పట్టుకోలేదు. ఎరుపు నల్లగా, నీలం తెల్లగా పడేది. ఉదాహరణకు, రెండో ప్రపంచ యుద్ధంలో మన 5వ ఇండియన్‌ డివిజన్‌ గుర్తు నల్ల చదరం మీద ఎర్ర బంతి. ఆ ఫిల్ములో అది ఉత్త నల్ల చదరంలా కనిపిస్తుంది. అక్కడ ఎర్ర బంతి ఉందని ఏ యాప్‌కు మాత్రం ఎలా తెలుస్తుంది?

మీరు పంపింది వాట్సాప్‌లో కుదించుకుపోయిన కాపీ. అసలు ఫొటోను ఫ్లాట్‌బెడ్‌ స్కానర్‌ (ఫొటోను అద్దం మీద బోర్లించి పెట్టేది) మీద 1200 డీపీఐలో, అంటే అంగుళానికి 1200 చుక్కల చొప్పున స్కాన్‌ చేయించండి. 3 అంగుళాల వెడల్పు, 4 అంగుళాల ఎత్తు ఉన్న ఫొటోకు 3600×4800, అంటే సుమారు 1.7 కోట్ల పిక్సెళ్లు వస్తాయి. నలుపు తెలుపు ఫొటోనే అయినా కలర్‌ మోడ్‌లోనే చేయమనండి, వివరం పోకుండా ఉంచే టిఫ్‌ (TIFF) ఫైలుగా దాచుకోండి. కలర్‌ స్కాన్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు పొరలు ఉంటాయి, వాటినే ఛానెళ్లు అంటారు. పసుపుబారిన ఫొటోలో వెలిసిపోయిన వివరం నీలం ఛానెల్‌లో బాగా నిలుస్తుంది. గింప్‌ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఆ ఛానెల్‌ ఒక్కటే తెరిచి, కాంట్రాస్ట్‌ పెంచి చూడండి. ఇది కొత్తగా ఏదీ కల్పించదు, ఉన్నదాన్నే బయటికి తెస్తుంది. ఎవరికైనా పంపాలంటే వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపండి.

ఆ తర్వాత లెన్స్‌ వాడొచ్చు. మొత్తం ఫొటో ఇస్తే ఖాకీ వేసుకున్న మనుషులందరినీ తెచ్చి చూపిస్తుంది. టోపీ బ్యాడ్జి, భుజం అక్షరాలు, చేతి పట్టీ ముక్కలుగా క్రాప్‌ చేసి ఒక్కోటీ విడిగా వెతకండి.

ఈ మసక కాపీలోనే నాకు కనిపించినవి చెబుతాను. భుజం మీద ఐదు ఇంగ్లిష్‌ అక్షరాలు, మొదటిది ఆర్‌, చివరిది సి. స్కాన్‌లో మధ్యవి ఐ, ఎ, ఎస్‌ అని తేలితే అది రాయల్‌ ఇండియన్‌ ఆర్మీ సర్వీస్‌ కార్ప్స్‌. సైన్యానికి తిండి, పెట్రోలు, సరుకు చేరవేసిన దళం. లారీలు నడిపింది వీళ్లే, కంచర గాడిదలు తోలిందీ వీళ్లే. 1940లో ఫ్రాన్స్‌లోని డన్‌కిర్క్‌ దగ్గర కూడా వీళ్ల కంచర గాడిదల కంపెనీలు ఉన్నాయి. ఆ పేరుకు ‘రాయల్‌’ చేరింది 1935లో. టోపీ బ్యాడ్జి మీద కిరీటం ఉంది. 1950 జనవరి 26 నుంచి మన సైన్యంలో కిరీటం స్థానంలో అశోక సింహాలు వచ్చాయి. అంటే ఫొటో ఆ మధ్యకాలంలోది అవుతుంది. చేతి మీద మూడు గీతలు హవల్దారు హోదా. కాబట్టి కొత్తగా చేరిన కుర్రాడు కాదు, కొన్నాళ్లు పనిచేసినవారే.

బ్యాడ్జి మీద ఊరి పేరు చూసి మాత్రం తొందరపడకూడదు. ఇది మీ ఫొటోకు సంబంధం లేని మాటే అయినా చాలామంది పొరబడతారు కాబట్టి చెబుతున్నా. ‘హైదరాబాద్‌ రెజిమెంట్‌’ అని ఉంటే నిజాం సైన్యం అనుకుంటారు. అది బ్రిటిష్‌ ఇండియన్‌ ఆర్మీ రెజిమెంటు, 1945లో కుమావ్‌ రెజిమెంటుగా పేరు మారింది.

ఆయన యుద్ధంలోనే చనిపోయి ఉంటే, యుద్ధ మృతుల సమాధులు, స్మారకాల సంగతి చూసే కామన్వెల్త్‌ వార్‌ గ్రేవ్స్‌ కమిషన్‌ వెబ్‌సైట్‌లో ఉచితంగా వెతకొచ్చు. రెండో యుద్ధానికి సంబంధించి 1939 సెప్టెంబరు 3 నుంచి 1947 డిసెంబరు 31 వరకు మరణించినవారి పేర్లు అందులో ఉంటాయి. బర్మాలోని రంగూన్‌ స్మారకం మీదే దాదాపు 27,000 పేర్లున్నాయి. మన పేర్లను అక్కడ ఎలా పడితే అలా రాశారు, ఇంటిపేరు చాలాసార్లు ఉండదు. అందుకని పేరుతో దొరక్కపోతే అదనపు సమాచారం అనే గడిలో ఊరి పేరు, గోదావరి, తండ్రి పేరు ఇచ్చి, స్పెల్లింగ్‌ మార్చి మార్చి వెతకండి. చాలా నమోదుల్లో తండ్రి పేరు, ఊరు, జిల్లా రాసి ఉంటాయి. అక్కడ దొరికే సర్వీసు నంబరు రాసిపెట్టుకుని మీ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో చూపించండి.

ఇంతకీ అమ్మమ్మగారికి చూపించారా? చూపించేటప్పుడు ఫోన్‌లోది వద్దు. యాప్‌ ఆ ముఖాన్ని మార్చేసింది. అసలు ఫొటో చేతికిచ్చి, ఒక భూతద్దం కూడా ఇవ్వండి. ఆమె మాట్లాడుతుంటే ఫోన్‌లో వాయిస్‌ రికార్డర్‌ ఆన్‌ చేసి పక్కన పెట్టండి.